చూద్దాం మేడమ్‌కి శిక్షణ

పోయినవారం మనం చూద్దాం మేడమ్‌ని పెట్టెతో సహా బస్సెక్కించి వదిలేశాం. ఎక్కడికి పోతోందీ అంటే, శిక్షణకి! తాళాల ఫ్యాక్టరీలో హెచ్.ఆర్. ఉద్యోగం చేసి చేసి, పనివాళ్ళ గొడవలు విని విని తల సగం నెరిసిన మనిషికి, పనిచోట గొడవలు ఎలా తీర్చాలో నేర్పుతామని ఎవరో ఒక హాలు తీసుకుని కూర్చున్నారు. పోనంటే ఫ్యాక్టరీ పెద్దసారు ఊరుకునే రకం కాదు. పోయింది.

మధ్యలో ఒక వారం తప్పిపోయినవాళ్ళ కోసం అసలు గొడవ మళ్ళీ చెప్తాను. ఆ ఫ్యాక్టరీలో తయారైన ప్రతి తాళాన్నీ బయటికి పంపేముందు వేసి, తీసి, ఒకసారి గుంజి చూసే మనిషి ఒకామె ఉంది. అందరూ చెకింగక్క అంటారు. గుంజితే ఊడొచ్చే తాళాన్ని ఆమె పక్కన పడేస్తుంది, మొహమాటం లేదు. అలా పక్కన పడ్డవి పెరిగి ఫ్లోర్ ఇన్‌చార్జికి నెల లెక్క తగ్గింది. అతనికి ఒళ్ళు మండింది. ఆమె కూర్చునే స్టూలు తీయించేశాడు. "నుంచుంటే కళ్ళు బాగా కనిపిస్తాయి" అన్నాడు అందరి ముందూ. అసలే కాళ్ళు వాచే మనిషి. ఖాళీ గ్రీజు డబ్బా బోర్లించుకుని కూర్చుంటే దాన్నీ బయటికి విసిరేయించాడు. ఆమె ఫిర్యాదు చేసింది. ఆ ఫిర్యాదు తీసుకుని తేల్చాల్సింది మన మేడమ్. ఇంతకీ ఆ ఇన్‌చార్జి ఎవరయ్యా అంటే, మేడమ్‌కి సొంత మరిది.

ఎవరు ఏ గోడు చెప్పుకున్నా "చూద్దాం" అనడం అలవాటైపోయి మేడమ్‌కి ఆ పేరు వచ్చింది. ఈసారి మాత్రం చూద్దాం అనలేదు. "తేలుస్తాను" అంది. మరిది కాబట్టి విచారణలో బయటి మనిషిని కూడా కూర్చోబెట్టండని పెద్దసారుని తనే అడిగింది. ఆయన, "ముందు శిక్షణకి వెళ్ళిరండి. వచ్చాక చూద్దాం" అని ఆమె మాట ఆమెకే అప్పజెప్పాడు. చెకింగక్కని అంతవరకూ సెలవు మీద ఇంట్లో ఉండమన్నారు. మేడమ్ బస్సుకి పోతూ పోతూ చెకింగక్క ఇంటి ముందు ఆగి, "అక్కా, నేను లేనప్పుడు ఎవరొచ్చి ఏ కాగితం ఇచ్చినా సంతకం పెట్టకు. నేను చెప్తే తప్ప పెట్టకు" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. "మీరు చెప్తే తప్ప పెట్టను మేడమ్" అని ఆమె చేతిలో చెయ్యేసింది. అదీ కథ ఇప్పటిదాకా.

ఇక శిక్షణ సంగతి. రెండో రోజు పొద్దున్నే హాల్లో చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఏసీ తగ్గించండి బాబూ అని మేడమ్ మొదటి రోజు నుంచీ మొత్తుకుంటోంది. రిమోట్ మేనేజర్ దగ్గరుంది, మేనేజర్ పెళ్ళికెళ్ళాడు. మనుషుల సమస్యలన్నీ తీర్చేవాళ్ళు హాలు నిండా కూర్చుని, ఒక్క ఏసీ తగ్గించలేక చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నారు.

ప్రతివాళ్ళ మెడలోనూ ఒక బిళ్ళ. దాని మీద కంపెనీ పేరు, దానికింద 'నన్ను నేను ఏ పక్షితో పోల్చుకుంటాను' అని ఒక ఖాళీ. అందరూ హంస, చిలక, డేగ అని రాసుకున్నారు. మేడమ్ ముందురాత్రి కొత్తచోట నిద్రపట్టక గుడ్లగూబ అని రాసింది. పాఠం చెప్పే ఆయన్ని అందరూ గురువుగారు అంటున్నారు. ఆయన ఆ బిళ్ళ చూసి, "వివేకానికి గుర్తు! చప్పట్లు!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మేడమ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంకో సంగతి, ఫ్యాక్టరీకి పైన ఇంకో పెద్ద కంపెనీ ఉంది, బిళ్ళ మీద అచ్చయింది దాని పేరే. తాళాల ఫ్యాక్టరీ అన్న ముక్క ఎక్కడా లేదు.

తలుపు పక్కన ఒక వెదురు బుట్ట ఉంది. ఫోన్లన్నీ అందులో వెయ్యాలి. 'పాపలు నిద్రపోతున్నారు, లేపకండి' అని దానికొక చీటీ కూడా కట్టారు. భోజనాల దాకా ముట్టుకోకూడదు. పక్కన కూర్చున్న బిస్కెట్ల కంపెనీ ఆవిడ మేడమ్ చెవిలో, "మా కంపెనీలో ఇలా ఫోన్లు లాక్కుంటే రేపటికల్లా నా దగ్గరికి ఫిర్యాదు వస్తుంది" అని గొణిగింది. మేడమ్‌కి ఆవిడంటే మొదటి రోజే గురి కుదిరింది.

"ఇంతకీ ఇంట్లో పిల్లని ఎవరు చూసుకుంటున్నారు?" అని బిస్కెట్లావిడ అడిగింది.

"మా ఆయన."

"అదృష్టవంతులు!"

మేడమ్ నవ్వింది. నవ్వదూ మరి! ఫిర్యాదు వచ్చిన దగ్గర్నుంచీ ఇల్లు ఇల్లులా లేదు. అత్తగారు ఆమెతో మాట్లాడటం మానేసి, చెప్పదలుచుకున్నవన్నీ వంటింటి కుళాయికి చెప్పేది. "సొంత మరిది పొట్ట కొట్టే వదినలు కూడా ఉంటారే తల్లీ ఈ లోకంలో" అని కుళాయి తిప్పుతూ దీర్ఘం తీసేది. మొగుడు తల్లి దగ్గర తల్లికీ, పెళ్ళాం దగ్గర పెళ్ళానికీ తలాడించేవాడు. అలాంటివాడు శిక్షణ మాట వినగానే మారిపోయాడు. "వెళ్ళు. నీ ఉద్యోగానికి మంచిది. పిల్ల సంగతి నేను చూసుకుంటా, సెలవు పెడతాను" అన్నాడు. మంచినీళ్ళ గ్లాసు కూడా అందుకోని మనిషి ఆమె బట్టలు ఇస్త్రీ చేయించి తెచ్చి పెట్టెలో సర్దాడు. ఇన్నాళ్ళకి తన పక్షాన ఒకడు నిలబడ్డాడని మేడమ్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంది కూడా.

టీలు అయ్యాక గురువుగారు చేతులు రుద్దుకున్నాడు.

"ఇప్పుడొక నిజమైన కేసు. పేర్లు మార్చాను, ఊరు మార్చాను, వ్యాపారం మార్చాను. మన వృత్తిలో గోప్యత ముఖ్యం. ఈ గదిలో మాట ఈ గదిలోనే. సరేనా?"

సరే అన్నారందరూ. ఆయన మొదలుపెట్టాడు.

"ఒక సూపర్ మార్కెట్. అందులో బిల్లు కౌంటర్‌లో ఒక ఉద్యోగిని. పని మీద శ్రద్ధ ఎక్కువ, సర్దుకుపోవడం తక్కువ. అలాంటివాళ్ళు మీ దగ్గరా ఉంటారు. ఆమెకీ సూపర్‌వైజర్‌కీ పడలేదు. అతను ఒకరోజు ఆమె కూర్చునే స్టూలు తీసేయించాడు. ఏమన్నాడో తెలుసా?" గురువుగారు ఒక్క క్షణం ఆగి అందర్నీ చూశాడు. ఈ చోట జనం ఉలిక్కిపడతారని ఆయనకి ముందే తెలుసు. "నుంచుంటే కళ్ళు బాగా కనిపిస్తాయి, అన్నాడు."

అయ్యో అన్నారు కొందరు. ఇద్దరు నవ్వారు.

మేడమ్ చేతిలో పెన్ను ఆగింది. బిల్లు కొట్టేదానికి కళ్ళెందుకు బాగా కనిపించాలి? ఆ మాట తాళం పట్టుకుని వెలుతురికేసి చూసే మనిషితో అన్నమాట. ఎక్కడో ఎవడో అలాగే అని ఉంటాడులే, వెధవలకి కరువా, అని తనకి తను సర్దిచెప్పుకుంది.

"పాపం ఆ ఉద్యోగిని ఖాళీ నూనె డబ్బా బోర్లించుకుని కూర్చుంది. దాన్నీ బయట పారేయించాడు" అన్నాడు గురువుగారు.

అంతే. ఇక సర్దిచెప్పుకోడానికి ఏమీ మిగల్లేదు. గ్రీజు డబ్బాని నూనె డబ్బా చేశాడు మహానుభావుడు. ఊరు మార్చాడు, పేరు మార్చాడు, వ్యాపారం మార్చాడు. జనం చేత అయ్యో అనిపించే ఆ ఒక్క మాట వదులుకోడానికి మాత్రం ప్రాణం ఒప్పలేదు. అమ్మ పుట్టింటి సంగతి మేనమామకి చెప్పినట్టు, మేడమ్ ఫ్యాక్టరీ గొడవని మేడమ్‌కే పాఠం చెప్తున్నాడు. ఈయనకి ఎవరు చెప్పారు? ఫిర్యాదు తన బీరువాలో ఉంది. ఫ్యాక్టరీవాళ్ళకి తెలుసు, ఇంట్లోవాళ్ళకి తెలుసు. ఊరు దాటించిందెవరు?

ఆలోచన తెగకముందే చీట్ల డబ్బా ఆమె ముందుకి వచ్చింది. ఎవరికి ఏ వేషం వస్తే అది వెయ్యాలి. మేడమ్ చీటీ తీసి చూసింది. 'ఉద్యోగిని' అని ఉంది. హెచ్.ఆర్. వేషం ఒక ఆసుపత్రి నుంచి వచ్చినాయనకి తగిలింది. నున్నగా దువ్విన తల, ఎవరితో మాట్లాడినా ముందుకి వంగే అలవాటు. హాలు మధ్యలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశారు.

"నిన్నటి పాఠం గుర్తుంది కదా! విను, తల ఊపు, తిరిగి చెప్పు. మొదలుపెట్టండి" అన్నాడు గురువుగారు.

ఆసుపత్రాయన ముందుకి వంగాడు. "చెప్పండమ్మా, ఏమిటి మీ సమస్య?"

మేడమ్ నోరు తెరిచింది. ఏదో నటించి బయటపడదామనుకుంది. కానీ నోట్లోంచి చెకింగక్క మాటలే వచ్చాయి.

"నా స్టూలు తీసేశారండి."

ఆయన తల ఊపాడు. "అంటే, మీ స్టూలు తీసేశారని మీరు ఫీలవుతున్నారు."

"ఫీలవడం కాదండి. తీసేశారు."

"తీసేసినట్టుగా మీకు అనిపించింది."

"అనిపించడమేంటండీ! ఉండాల్సిన చోట లేదు. మీరొచ్చి చూడండి."

"మీరు కోపంగా ఉన్నారు. మీ బాధ నాకు అర్థమవుతోంది."

"అర్థమైతే స్టూలు ఇప్పించండి."

"తప్పకుండా మీ మాట పైకి తీసుకెళ్తాను. ఈలోగా మీవైపు నుంచి ఎక్కడైనా సర్దుకోగలరేమో ఒకసారి ఆలోచిస్తారా?"

"నేను ఎవర్నీ ఏమీ అనమనట్లేదండి. ఎవరి ఉద్యోగమూ తీయమనట్లేదు. నాకు కాళ్ళు వాస్తాయి. సాయంత్రానికి చెప్పులు పట్టవు. స్టూలు నా స్టూలు. అది ఇప్పిస్తే పోయి నా పని నేను చేసుకుంటా."

ఆసుపత్రాయన తల ఊపి, కుర్చీలో వెనక్కి వాలి, మెత్తగా అన్నాడు. "చూద్దాం."

మేడమ్ చెంప మీద ఎవరో ఛెళ్ళున కొట్టినట్టయింది. ఇన్నేళ్ళూ బల్లకి అవతలివైపు కూర్చుని తను అన్న మాట అదే. ఇంతే మెత్తగా అంది. మంచిగా మాట్లాడి పంపించానని తృప్తిపడింది కూడా. బల్లకి ఇవతల కూర్చుని వింటే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. గోడకి చెప్పుకుంటే నయం, గోడ తల ఊపదు. సిగ్గేసింది ఆమెకి.

హాలంతా చప్పట్లు. "అద్భుతం! ఏం నటన, ఏం నటన!" అన్నాడు గురువుగారు. "ఇద్దరికీ మంచి మార్కులు. ఉద్యోగి కోపాన్ని ఆయన ఎంత బాగా చల్లార్చారో చూశారా?"

"నేనేం చల్లారలేదండి" అంది మేడమ్.

జనం నవ్వారు. ఆమె కుర్చీలోంచి లేవలేదు.

"గురువుగారూ, ఈ కేసు చివరికి ఏమైంది?"

"సుఖాంతం!" ఆయన మొహం వెలిగిపోయింది. "ఈ కేసు ఎందుకు చెప్పానంటే అందుకే. ఆ కంపెనీ పెద్దాయన స్వయంగా నన్ను సలహా అడిగాడు. నేను లోతుగా చూశాను. చూస్తే అసలు చిక్కు కౌంటర్ ఆమె కాదు, హెచ్.ఆర్. ఆవిడ. ఎందుకంటే ఆ సూపర్‌వైజర్ స్వయానా ఆవిడ మరిది! సొంతమనిషి మీద విచారణ సొంతమనిషే చేస్తుందా? కూడదు. ఇది మన వృత్తిలో మొదటి పాఠం."

"ఆవిడ బయటి మనిషిని కూర్చోబెట్టమని అడిగిందేమో?"

"అడిగిందట. బయటి మనిషి వస్తే బయటికి పొక్కుతుంది. పెద్దాయనకి ఇష్టం లేదు."

"అంటే అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు."

గురువుగారికి ఆ మాట వినబడలేదో, వినదలుచుకోలేదో. "పైగా ఆవిడకి ఆ ఉద్యోగిని మీద మమకారం పెరిగిపోయింది. అందుకని ఆవిడని కొన్నాళ్ళు ఎక్కడికైనా శిక్షణకి పంపెయ్యమన్నాను. ఎక్కడికి పంపారో నాకు తెలీదనుకోండి. మొత్తానికి పంపారు."

ఎక్కడికి పంపారో తెలీదట! పెద్దసారు పిసినారితనం మీకు తెలిసిందేగా. సలహా ఇచ్చినాయనే శిక్షణ కూడా ఇస్తాడని, సగం ధరకి వస్తుందని, తీసుకొచ్చి ఈయన హాల్లోనే పడేశాడు. బిస్కెట్లావిడ మేడమ్ మొహం చూసి రాసుకోవడం ఆపేసింది.

"మరి ఆ ఉద్యోగిని?" ఆసుపత్రాయన అడిగాడు. "ఊరుకుందా?"

"మంచి ప్రశ్న. ఆమె మొండిది, ఎవరి మాటా వినదు. ఆ హెచ్.ఆర్. ఆవిడ మాట ఒక్కటే వింటుంది. అలాంటప్పుడు మనం ఏం చెయ్యాలి? నమ్మిన మనిషి మాటగా చెప్పించాలి." గురువుగారు గొంతు తగ్గించాడు. "ఈ గదిలో మాట ఈ గదిలోనే. ఆవిడ ఇంట్లోవాళ్ళే ముందుకొచ్చారు. భర్త. పెద్దమనిషి, పాపం ఇటు తమ్ముడు, అటు భార్య. ఆయనే వెళ్ళి ఆ ఉద్యోగినికి నచ్చజెప్తానన్నాడు. మర్యాదగా రాజీనామా, ఎవరికీ నొప్పి లేకుండా. ఈరోజు భోజనాల లోపు అయిపోతుందని పొద్దున కూడా పెద్దాయన ఫోన్ చేశాడు."

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మన మేడమ్ ఏం పడుతుంది? ఇస్త్రీ బట్టలు గుర్తొచ్చాయి ఆమెకి. మడతలు ఎంత పొందిగ్గా పెట్టాడు! "ఫోన్ ఎత్తకపోయినా నేనేం అనుకోనులే, శ్రద్ధగా నేర్చుకో" అన్నాడు. పెట్టె బస్సులోకి ఎక్కించి, బస్సు కదిలేదాకా చెయ్యి ఊపాడు. చెకింగక్క స్టూలు పోవడం కంటే ఇదే ఎక్కువ నొప్పిగా ఉందని తెలిసి తన మీద తనకే ఇంకా కోపం వచ్చింది.

మేడమ్ లేచి నిలబడింది.

"ఆ హెచ్.ఆర్. ఆవిడ్ని మీరెప్పుడైనా చూశారా గురువుగారూ?"

"లేదు. చూడాల్సిన పనేముంది?"

"ఆవిడ రాజీనామా చెయ్యమని చెప్పిందో లేదో కనుక్కున్నారా?"

"చూడండమ్మా, ఇది కేసు మాత్రమే. మనం నేర్చుకోడానికి..."

"సూపర్ మార్కెట్ కాదండీ అది, తాళాల ఫ్యాక్టరీ. నూనె డబ్బా కాదు, గ్రీజు డబ్బా. ఆ మాట అన్నది నా మరిది. ఇప్పుడు ఆమె ఇంటికి పోయి నా పేరు చెప్పి అబద్ధమాడుతున్నది నా మొగుడు. ఫ్యాక్టరీలో నన్ను చూద్దాం మేడమ్ అంటారు. ఇంకేమైనా మార్చాలా?"

గురువుగారి మొహం తేలు కుట్టిన దొంగ మొహంలా అయింది. అరవనూ లేడు, ఊరుకోనూ లేడు. బిళ్ళ మీది కంపెనీ పేరు చదివాడు, గుడ్లగూబ చదివాడు, మళ్ళీ కంపెనీ పేరు చదివాడు.

"మీరు... మీరు ఇప్పుడు ఆవేశంలో ఉన్నారు" అన్నాడు చివరికి. "ఆవేశంలో నిర్ణయాలు వద్దు. మీ బాధ నాకు అర్థమవుతోంది. ముందు కూర్చోండి."

"ఎందుకండీ? నుంచుంటేనే కళ్ళు బాగా కనిపిస్తున్నాయి."

బిళ్ళ మెడలోంచి తీసి ఆయన ముందు బల్ల మీద పెట్టింది. తిన్నగా వెదురు బుట్ట దగ్గరికి పోయింది. "భోజనాల దాకా ఫోన్లు..." అని ఎవరో అనబోతే బిస్కెట్లావిడ "నోరు ముయ్యండి బాబూ!" అని కసిరింది. మేడమ్ రెండు చేతులూ బుట్టలో పెట్టి దేవింది. అన్నీ నల్లటి ఫోన్లే. దొరకదే! ఒకటి తీసింది, తనది కాదు. ఇంకోటి తీసింది, కాదు. విసుగొచ్చి బుట్టని బోర్లించింది. పాపలన్నీ లేచి నేల మీద పడ్డాయి. అడుగున ఉన్నది తనది.

చెకింగక్క నుంచి ఫోన్లు వచ్చి ఉన్నాయి. ఒకటి కాదు, వరసగా వచ్చాయి. పొద్దున మొదలుపెట్టి, ఆసుపత్రాయన తల ఊపుతున్నంతసేపూ చేస్తూనే ఉంది పాపం. బుట్టలో ఎవరు ఎత్తుతారు?

మేడమ్ వరండాలోకి పరిగెత్తి ఫోన్ చేసింది. మొదటిసారి మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి ఎత్తారు.

"హమ్మయ్య, మేడమ్! ఇప్పటికి దొరికారా?" చెకింగక్క గొంతు. "పొద్దుట్నుంచీ చేస్తున్నా. లోపల సిగ్నల్ లేక గుమ్మం బయటికొచ్చి చేస్తున్నా. మీరు ట్రైనింగ్‌లో ఉన్నారు, ఫోన్ ఎత్తరు, అందుకే నన్ను పంపింది అన్నారు మీ సారు."

"అక్కా, సంతకం పెట్టకు."

"పెట్టేశాను కదా మేడమ్."

మేడమ్ గోడకి ఆనుకుంది.

"మీరే చెప్పమన్నారన్నారు" అంది చెకింగక్క. "నేను ముందు ఒప్పుకోలేదు. మేడమ్ చెప్తే తప్ప పెట్టనన్నా. మేడమ్ చెప్పబట్టే కదమ్మా నేనొచ్చింది, వేరేవాళ్ళని పంపితే నమ్మవని సొంత మొగుణ్ణి పంపింది అన్నారు. మీ ఇద్దరి మధ్యా అనుకున్న మాట కూడా ఆయనకి తెలుసు. నేను చెప్తే తప్ప పెట్టకు అన్నారు కదా మీరు, అదీ చెప్పారు. మీరు చెప్పకపోతే ఆయనకెలా తెలుస్తుంది? ఇంక నేనేం చెయ్యను మేడమ్? ఏడ్చుకుంటూ పెట్టా."

ఆ మాట ఆయనకి చెప్పింది మేడమే. బస్సెక్కేముందు, మన వైపు ఉన్నాడు కదా అని చెప్పింది. నోరు కొట్టుకోవాలనిపించింది.

"నేను చెప్పలేదక్కా. ఆయన అబద్ధం చెప్పారు."

"మీ ఆయనా?"

"మా ఆయనే." అంది మేడమ్. "నా తప్పూ ఉంది, అది నేనొచ్చాక తిట్టుదువుగానీ. కాగితం ఎక్కడుంది?"

"ఆయన జేబులో. వెళ్తానని లేచారు గానీ, నేనే పాపం ఇంతదూరం వచ్చారని టీ పెట్టిచ్చా. తాగుతున్నారు. తాగి తిన్నగా ఫ్యాక్టరీకి వెళ్ళి పెద్దసారుకి ఇస్తారట."

ఉద్యోగం ఊడగొట్టడానికి వచ్చినవాడికి టీ పెట్టిచ్చింది! మేడమ్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాగితం పెద్దసారు బల్ల మీదికి చేరితే అయిపోయినట్టే. స్వచ్ఛందంగా రాసిచ్చిందంటారు, ఫిర్యాదు చేసిన మనిషే లేదు కాబట్టి ఫిర్యాదూ లేదంటారు. మరిది స్టూలు మీద తనే కాళ్ళు జాపుకుని కూర్చుంటాడు. వెనక అడుగుల చప్పుడైంది. బిస్కెట్లావిడ ఇద్దరి సంచులూ భుజాన వేసుకుని, కారు తాళంచెవులు చూపిస్తూ నిలబడింది. కారులో పోయినా సాయంత్రం అవుతుంది. టీ గ్లాసు అంతసేపు ఆగుతుందా?

"అక్కా, నీ గదికి తలుపులెన్ని?"

"ఒంటి గదికి ఎన్నుంటాయి మేడమ్, ఒకటే."

"నువ్వు బయటున్నావు, ఆయన లోపలున్నారు. అంతేనా?"

"అంతే."

"గడియ పెట్టెయ్."

"మేడమ్!" చెకింగక్క గొంతు తగ్గించింది. "లోపల మీ ఆయన..."

"ఉన్నారనే పెట్టమంటున్నా. నేను వచ్చేదాకా తియ్యకు. ఎవరు చెప్పినా తియ్యకు. ఈసారి నేను ఫోన్లో చెప్పినా తియ్యకు. నా మొహం చూసి తియ్యి."

ఫోన్లో గాలి చప్పుడు వినిపించింది. తర్వాత ఇనుము ఇనుముకి రాసుకున్న చప్పుడు, మెల్లిగా, భయంభయంగా.

"పెట్టా మేడమ్. కానీ ఈ గడియ కొంచెం లూజు. తాళం కూడా వేసెయ్యనా?"

"గట్టిదేనా?"

"నేను చెక్ చేసిందే మేడమ్."

"వేసెయ్."

టక్కుమని పడింది. ఆ వెంటనే లోపల్నుంచి మేడమ్ మొగుడి గొంతు, దూరంగా, ఇంకా మర్యాదగానే వినిపించింది. "ఏమ్మా... ఏమ్మా, తలుపు పడినట్టుంది చూడు."

చెకింగక్క అలవాటు కొద్దీ తాళాన్ని ఒకసారి గుంజి చూసుకుంది.